మెయింటెనెన్స్ ప్రాజెక్టులో వేస్తే ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంజినీరింగ్ అవగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కానీ ఎప్పుడో రాసిన పాత సాఫ్ట్‌వేర్‌కి మార్పులు చేసే మెయింటెనెన్స్ ప్రాజెక్టులో వేశారు. తోటివాళ్లంతా ఏఐ అంటున్నారు. ఉద్యోగం మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. అడిగేది కోర్సు గురించే అయినా, మీ భయమంతా మీవాడు వెనకబడిపోతాడేమోనని. వెనకబడడు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి రాయడానికి పట్టే కాలం కంటే, తర్వాత దాన్ని మార్చుకుంటూ నడిపే కాలమే చాలా ఎక్కువ. 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ భాషలోని ప్రోగ్రాములతో ఇప్పటికీ ఎన్నో బ్యాంకులు నడుస్తున్నాయి. నడుస్తున్నదాన్ని చెడగొట్టకుండా మార్చడం ఎంత కష్టమో తెలియాలంటే అమెరికాలోని నైట్ క్యాపిటల్ సంగతి చూడండి. షేర్ల వ్యాపారం చేసే ఆ కంపెనీ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించింది. ఎనిమిదోదాంట్లో ఏళ్ల క్రితమే వాడకం మానేసిన కోడ్ ఉండిపోయింది. దాన్ని నడిపించే ఫ్లాగ్‌నే (ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది) కొత్త పనికీ వాడటంతో, 2012 ఆగస్టు 1న ఆ పాత కోడ్ మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అన్ని సర్వర్లలో కోడ్ ఎక్కిందా అని రెండో మనిషి చూసి ఉంటే సరిపోయేది.

మీవాడు నేర్చుకోబోయేది ఈ జాగ్రత్తే. మార్చేముందు పాత కోడ్ ఏం చేస్తోందో టెస్టులు (కోడ్‌ను పరీక్షించే చిన్న ప్రోగ్రాములు) రాసి తేల్చుకోవడం, మార్పును చిన్న ముక్కలుగా చేయడం, ఎందుకు మార్చాడో గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే టూల్) రాసిపెట్టడం, ముందు కొద్దిమందికే ఇచ్చి చూడటం, తేడా వస్తే వెంటనే రోల్‌బ్యాక్ చేయడం, అంటే పాతదానికే తిరిగి వెళ్లడం.

ఇక ఏఐ కోర్సులు. కొన్ని వారాల్లో అంతా నేర్పేస్తామనేవాటి మీద నాకు నమ్మకం లేదు. చాలావాటిలో శుభ్రం చేసిన డేటా చేతికిస్తారు, అందరితో ఒకే ప్రాజెక్టు చేయిస్తారు. కంపెనీలో డేటా అలా ఉండదు. పైగా ఏఐ టూల్స్ రాసిచ్చిన కోడ్ వల్ల పాతదాంట్లో ఏది ఆగిపోతుందో పసిగట్టడానికి ఆ పాతదాన్ని ఎరిగిన మనిషి కావాలి. గణితం మీద ఇష్టముంటే ఉద్యోగం చేస్తూనే ఏఐ చదువుకోనివ్వండి.

ఒక మాట కటువుగానే చెప్తాను. ఆ పని అబ్బాయికి నచ్చిందో లేదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మాన్పించడానికీ చేర్పించడానికీ అతనేమన్నా బడిపిల్లాడా? నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందని చేతిలో ఉన్న ఉద్యోగం పోగొట్టకండి.

అయితే ఏడాది గడిచినా టికెట్లు (నమోదైన ఫిర్యాదులు) మూయడం తప్ప కోడ్ ముట్టుకోనివ్వకపోతే మాత్రం ఊరుకోకూడదు. వేరే టీమ్‌లోకి మార్చమని మేనేజర్‌ని అడగాలి. అది కూడా అతనే అడగాలి, మీరు ఫోన్ చేయొద్దు.