నొప్పి మాత్రతో మ్యాచ్ ఆడుతున్నారా? ముందు మోకాలు చూపించండి

ప్రశ్న: నా వయసు 19. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ చదువుతూ ఫుట్‌బాల్ ఆడుతున్నాను. రైట్ బ్యాక్‌ని, అంటే కుడివైపు డిఫెండర్‌ని. మా జట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సిటీ అకాడమీల జట్లతో ఆడేటప్పుడు మొదటి పది నిమిషాలు కాళ్లు వణుకుతాయి. పోటీ వాళ్లతో కాదు, నిన్నటి నాతోనే అని మనసుకు చెప్పుకుంటాను. జట్టు కోసం ఎంత నొప్పయినా భరిస్తాను. రెండు నెలల కిందట మ్యాచ్‌లో ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు మోకాలు టక్‌మంది, సాయంత్రానికి వాచింది. మా పెద్దమ్మ కట్టు కట్టించింది, తగ్గింది. ఇప్పుడు మ్యాచ్‌కు ముందు మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుంటే ఆడగలుగుతున్నాను. అప్పుడప్పుడు మోకాలు జారినట్టు అవుతుంది. వచ్చే నెల టోర్నమెంట్ ఉంది. మానసికంగా గట్టిపడాలన్నా, నా ఆట మెరుగుపడాలన్నా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం మనసు గురించే ఉంది. మోకాలి సంగతి మధ్యలో నాలుగు ముక్కల్లో తేల్చేశారు. నేను ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను. అందుకే ముందు మోకాలి గురించి చెప్తాను, ఏమీ అనుకోకండి.

పరుగులో దిశ మార్చినప్పుడు మోకాలు టక్‌మనడం, కొన్ని గంటల్లోనే వాపు రావడం, నొప్పి తగ్గాక కూడా కాలు నిలవకుండా జారడం. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే మేం మొదట అనుమానించేది ఏసీఎల్ అనే లిగమెంట్‌నే, అంటే మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీనే. కింది కాలి ఎముక ముందుకు జారిపోకుండా పట్టి ఉంచేది అదే. అది తెగితే కీలు లోపల రక్తం చేరుతుంది కాబట్టి వాపు తొందరగా వస్తుంది. మామూలు బెణుకైతే సాధారణంగా నింపాదిగా, మర్నాటికి వాస్తుంది. మోకాలు చూడకుండా ఇది ఏసీఎల్లే అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి ఉండొచ్చు, రెండూ కలిసి దెబ్బతిని ఉండొచ్చు, అదృష్టం బాగుంటే రెండూ కాకపోవచ్చు. అయితే ఈ గాయం మగపిల్లల కంటే ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి నాకు అనుమానం ఇంకా బలపడుతోంది.

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు చేత్తోనే చూస్తారు. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను గట్టిగా పట్టుకుని రెండో చేత్తో కింది కాలిని ముందుకు లాగుతారు. లిగమెంట్ బాగుంటే ఒక చోట టక్కున ఆగుతుంది. తెగి ఉంటే ఆ ఆగడం ఉండదు, కాలు మెత్తగా ముందుకు వస్తూనే ఉంటుంది. ఆ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. రెండో మోకాలితో పోల్చి చూశాక అవసరమనిపిస్తే ఎంఆర్ఐ రాస్తారు. ‘ఎక్స్‌రే తీయించాం సార్, నార్మల్ అన్నారు’ అంటూ ఏడాది తర్వాత వచ్చేవాళ్లను వారం వారం చూస్తుంటాను. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, లిగమెంట్ కనిపించదు.

కట్టు సంగతి. రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్లకు పుత్తూరు కట్టు మీద ఉన్న నమ్మకం నాకు తెలియనిది కాదు. మీ పెద్దమ్మగారిని తప్పుపట్టడం లేదు. కట్టు వల్ల కాలు కదలకుండా ఉంది, వాపు తీసింది. అక్కడితో అంతా అయిపోయిందని అందరూ అనుకున్నారు. వాపు తీయడం వేరు, పూర్తిగా తెగిన లిగమెంట్ అతుక్కోవడం వేరు. ఈ రెండు నెలల్లో మోకాలు జారిన ప్రతిసారీ లోపల మెనిస్కస్ కొంచెం కొంచెం నలిగి ఉండొచ్చు. అది పాడైతే, మీ అమ్మమ్మ వయసులో రావాల్సిన కీళ్ల అరుగుదల మీకు ముప్పయ్యేళ్లు దాటగానే మొదలుకావచ్చు.

ఇక మాత్రలు. ఇక్కడ కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఏ మాత్రో మీరు రాయలేదు. అసలు మీకు తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. షాపులో చీటీ లేకుండా ఇచ్చేది చాలాసార్లు డైక్లోఫెనాక్, లేదంటే దానికి పారాసెటమాల్ కలిపినది. డైక్లోఫెనాక్ జాతి మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అనంతపురం ఎండలో గంటన్నర పరిగెత్తి, ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోయి, పొద్దున సరిగ్గా తినకుండా ఈ మాత్ర వేసుకుంటే కిడ్నీల మీద రెండు వైపుల నుంచీ భారం పడుతుంది. కడుపులో పుండు పడే ముప్పు ఎలాగూ ఉంది. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఆయాసం రావచ్చు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను: మన దేశంలో రాబందులు దాదాపు కనుమరుగైంది ఈ డైక్లోఫెనాక్ వల్లే. పశువులకు ఈ మందు ఇచ్చేవారు, ఆ కళేబరాలను తిన్న పక్షులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువుల వైద్యంలో దీన్ని నిషేధించారు. మనిషి శరీరం రాబందులా స్పందించదు, భయపడకండి. కానీ పిప్పరమెంటు బిళ్లలా చప్పరించే మందు మాత్రం కాదు.

పెద్ద ఆటగాళ్లు వేసుకోరా అని మీరు అడగొచ్చు. వేసుకుంటారు. 2010 ప్రపంచ కప్‌లో దాదాపు 40 శాతం మంది ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కు ముందు నొప్పి మందు తీసుకున్నారని ఫిఫా వైద్యులే లెక్క తేల్చారు, దాని మీద వాళ్లే ఆందోళన పడ్డారు. క్రొయేషియా స్ట్రైకర్ ఇవాన్ క్లాస్నిచ్‌కు కిడ్నీలు చెడిపోయి 2007లో మార్పిడి చేయాల్సి వచ్చింది. కొత్త కిడ్నీతో 2008 యూరో కప్‌లో ఆడి గోల్స్ కొట్టాడు, అది మామూలు పట్టుదల కాదు. ఆయన కేసులో నొప్పి మందుల పాత్ర ఎంతన్నది కోర్టు దాకా వెళ్లిన వివాదం, అందులోకి నేను వెళ్లను. అయినా వాళ్లకు వెనక రక్తపరీక్షలు చేసే డాక్టర్లు ఉంటారు. మీ వెనక షాపు కుర్రాడు ఉన్నాడు.

ఇంకో మాట. ‘ఒక్క ఇంజెక్షన్ వేస్తే టోర్నమెంట్ గడిచిపోతుంది’ అని ఎవరైనా చెప్తే వినకండి. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మందును 2024 నుంచి పోటీల సమయంలో డోపింగ్ కింద నిషేధించారు కూడా.

నొప్పి మాత్రతో అసలు చిక్కు ఏమిటంటే అది నొప్పిని ఆపుతుంది, మోకాలిని నిలబెట్టదు. జారే కాలు జారుతూనే ఉంటుంది, హెచ్చరించే నొప్పి మాత్రం ఉండదు.

జట్టు కోసం భరిస్తున్నానన్నారు. మంచి మనసే అమ్మా, కానీ మైదానంలో జరిగేది వేరు. ఎదుటి వింగర్ మిమ్మల్ని దాటడానికి లోపలికి తిరిగితే, మోకాలు ఎక్కడ జారుతుందోనని మీరు అర అడుగు వెనకే ఆగుతారు. ఆ ఖాళీని పూడ్చడానికి మీ సెంటర్ బ్యాక్ తన చోటు వదిలి వస్తుంది, గోల్ ముందు ఇంకో ఖాళీ పడుతుంది. గాయం మీదే అయినా దాని బరువు పక్కవాళ్లు మోస్తున్నారు, అదీ వాళ్లకు తెలియకుండా. కోచ్‌కు ఈరోజే చెప్పండి. ఆయన పాతకాలం మనిషైతే జకార్తా కథ చెప్తారేమో. 1962 ఏషియన్ గేమ్స్‌లో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను మన హైదరాబాద్ కోచ్ రహీమ్ సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఆయన గోల్ కొట్టారు, 2-1తో బంగారు పతకం వచ్చింది. నాకూ ఇష్టమైన కథే. ఈరోజుల్లో తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని ఏ బాధ్యత గల డాక్టరూ అలా మైదానంలోకి పంపడు.

చిన్న జట్టు పెద్ద జట్టును ఎలా ఎదుర్కొంటుందన్నది మీ అసలు ప్రశ్న. నేను మనస్తత్వ నిపుణుణ్ణి కాదు, చూసింది చెప్తాను. 2023 మహిళల ప్రపంచ కప్‌కు జమైకా అమ్మాయిలు ఖర్చుల కోసం చందాలు పోగుచేసుకుని మరీ వెళ్లారు. గ్రూపులో ఫ్రాన్స్, బ్రెజిల్ ఉన్నా మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. బ్రెజిల్ ఇంటికెళ్లింది, వీళ్లు నాకౌట్‌కు వెళ్లారు. డిఫెండర్ కాబట్టి మీరు ఆ మ్యాచ్‌లు చూడండి. ఎవరి చోట్లో వాళ్లు నిలబడటం తప్ప సాహసాలేమీ కనిపించవు. మన దగ్గర నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టు దాకా వెళ్లిన గుగులోత్ సౌమ్య ఉండనే ఉంది.

మొదటి పది నిమిషాల వణుకు చాలామందికి ఉంటుంది, టెన్షన్ వల్ల వచ్చేదే. అయితే గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఈసీజీ తీయించకుండా ఆడకండి. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ధైర్యం చాలడం లేదనుకున్నది ఒక్కోసారి రక్తం చాలకపోవడమే అవుతుంది. నెలసరి ఆగిపోతే ప్రాక్టీస్ బాగా సాగుతోందని సంబరపడకండి. తిండి చాలడం లేదని దానర్థం కావచ్చు.

ఆట మెరుగుపరుచుకోవడానికి: ఫిఫా వాళ్ల 20 నిమిషాల ‘11 ప్లస్’ వార్మప్ ఉచితంగా వీడియోల్లో దొరుకుతుంది. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మీ జట్టుకు నేర్పించండి, మీరు మాత్రం మోకాలు చూపించుకున్నాకే చేయాలి. ఏసీఎల్ తెగిందని తేలినా కెరీర్ అయిపోలేదు. స్పెయిన్ ప్లేయర్ అలెక్సియా పుతెయాస్‌కు 2022 జులైలో, యూరో టోర్నీ మొదలయ్యే ముందు రోజు ఇదే గాయమైంది. సుమారు పది నెలలు ఆగింది. మరుసటి ఏడాది ఆగస్టులో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. సర్జరీ అందరికీ అవసరం ఉండదు, కానీ మళ్లీ ఫుట్‌బాల్ ఆడాలనుకునే మీ వయసువాళ్లకు తరచుగా సలహా ఇస్తాం. చేయించుకుంటే కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. తొందరపడి దిగినవాళ్లలో మళ్లీ తెగే ముప్పు బాగా ఎక్కువ. ఖర్చు గురించి భయపడి ఆగిపోకండి. ప్రభుత్వాసుపత్రి ఆర్థోపెడిక్ ఓపీకి వెళ్లండి, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి హెల్ప్ డెస్క్‌లో అడగండి.

వచ్చే నెల టోర్నమెంట్‌కు సంబంధించి: పరీక్ష అయ్యేదాకా ఆడొద్దు, ప్రాక్టీస్ మ్యాచ్ కూడా వద్దు. మామూలు నడక పర్లేదు. మోకాలు వంచిన చోటే బిగుసుకుపోయినా, మళ్లీ వాచినా, పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా ఆ రోజే వెళ్లండి. మూత్రం బాగా తగ్గినా, మలం నల్లగా వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీటు తీసుకెళ్లండి, పేరు చదివి చెప్తారు.