గట్టుకు వేసిన వేరు కుండలోకి వద్దు

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

కొల్లిపర చేలో కాలవ గట్టు ఏటా వానలకు జారిపోతోందనీ, వట్టివేరు వేద్దామనుకుంటున్నాననీ రాశావు. వెయ్యి. కానీ గట్టూ నిలవాలి, వేరూ తవ్వి అమ్ముకోవాలి అంటే ఒకే వరసలో కుదరదురా. వేరు తవ్వితే గట్టు తవ్వినట్టే. అమ్మకానికైతే ఇసుకపాటి చెక్క చూసి విడిగా వేసుకో, ఏడాదిన్నరకు వేరు తియ్యొచ్చు.

గట్టు మీద తొలకరి పడ్డాక నాటు. దుబ్బు చీల్చి, రెండు మూడు పిలకలు కలిపి తీసుకో. ఆకు జానెడు, వేరు రెండంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించు. నీళ్ళు దిగే వాలుకు అడ్డంగా, అర జాన ఎడంలో నాటాలి. అంత దగ్గరెందుకని కూలీలు గొణుగుతారు, వినకు. ఒక్క దుబ్బు చచ్చినా నీళ్ళు ఆ సందులోంచే దూరి గండి కొడతాయి. నెల తిరిగేసరికి చూసి, చచ్చినచోట మళ్ళీ నాటు. నీడలో ఇది ఎదగదు, గట్టు మీది కొమ్మలు ముందే నరికించు. మోకాలెత్తులో కోస్తుంటే పిలకలు పెడుతుంది. కోసిన ఆకు నిమ్మ పాదుల్లో పరుచుకో.

తుంగలా చేలోకి పాకుతుందని మీ నాన్న భయం. మన వైపు సాగుచేసే రకానికి మొలిచే విత్తనం రాదు, పాకే దుంపా లేదు. వేరు మాత్రం నిలువునా పది అడుగుల దాకా దిగుతుంది. అలాగని 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినట్టు కృష్ణ వస్తే గడ్డి ఆపుతుందనుకోకు. ఇది వాన కోతకు మందు, అంతే.

ఇక మురుగుకాలవ పక్కన కూడా వేస్తానన్నావు. మంచిదే, మురుగులోని నత్రజని, భాస్వరం, సీసం లాంటి లోహాలు లాగేస్తుంది. లాగిన సీసం ఎక్కువగా వేరులోనే ఉండిపోతుంది. అందుకని ఆ వేరు కుండలో వెయ్యకండి. తాగే నీళ్ళకు మంచి నేలలో పెరిగిన వేరు గుప్పెడు తీసుకుని, మట్టి పోయేదాకా నాలుగైదుసార్లు కడిగి, పలచని గుడ్డలో మూటకట్టి రాత్రి కుండలో వెయ్యి. రెండు రోజులకోసారి తీసి ఎండబెట్టు, వాసన పోతే పారెయ్యి. జ్వరంలో దప్పికకు ఆయుర్వేదంలో ఇచ్చే షడంగ పానీయంలో ఇదీ ఒకటి. షుగర్ తగ్గుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారని మీ అమ్మ మాత్రలు మానేస్తే మాత్రం ఊరుకోను.

పిలకలు కొనకు. ఆదివారం విజయవాడ వస్తే మా పెరట్లో దుబ్బులు చీల్చి ఇస్తాను. తడి గోనెసంచులు తెచ్చుకో, లేకపోతే తెనాలి దాటేలోపే వాడిపోతాయి.