మారణహోమమా, జాతిహననమా?

సందేహం: నాజీలు యూదులను చంపిన ఘోరాన్ని మన పత్రికలు 'మారణహోమం' అంటున్నాయి. సరైనదేనా? దాని మూలాలపై చరిత్రకారుల 'ఇంటెన్షనలిజం', 'ఫంక్షనలిజం' వాదాలను తెలుగులో ఏమనాలి?

సమాధానం: లారీ బోల్తాపడి నలుగురు పోయినా 'మారణహోమం' అని శీర్షిక పెట్టే రోజులివి. ఆ మాటలో ఏముందో చూసేవారేరీ?

'హు' ధాతువుకు అగ్నిలో వేల్చడమని అర్థం. హోత, హవిస్సు, ఆహుతి దాని సంతానమే. హోమంలో యజమాని వేల్చేది తన సొత్తు. 'న మమ' అంటూ దానిమీద హక్కు వదులుకుంటాడు. పరుల ప్రాణాలు తీసినవాడికి ఈ మర్యాద ఎందుకు? 'హోలోకాస్ట్'దీ ఇదే తంటా. గ్రీకులో 'హోలోస్' అంటే మొత్తం, 'కౌస్తోస్' అంటే కాలినది, వెరసి దహనబలి. అందుకే చాలామంది యూదులు దాన్ని కాదని, వినాశమనే అర్థమున్న హీబ్రూ మాట 'షోఆ' వాడతారు.

తెలుగులో మారణహోమమనదగినది నన్నయ ఆదిపర్వంలోని సర్పయాగం. యజమాని జనమేజయుడు, సంకల్పం ముందు, ఋత్విక్కులు తర్వాత. అయినా నన్నయ కథను ఆ ఒక్క సంకల్పానికే కట్టెయ్యడు. కద్రువ శాపం ఏనాటిదో. ఉదంకుడి పగ వేరు. తక్షకుడి కాటు వేరు. ఇన్ని పాయలు కలిస్తేగాని గుండం రాజుకోలేదు. పోలిక కారణాల అల్లిక వరకే సుమా! తక్షకుడు నేరం చేశాడు, యూదులు చేయలేదు. వాళ్లను పురుగులతో పోల్చింది నాజీలు. మనం పాములతో పోల్చరాదు.

చరిత్రకారుల తగాదా కూడా సంకల్పం దగ్గరే. నిర్మూలన ఆలోచన హిట్లర్‌కు ఏనాడో ఉందనీ, తక్కినదంతా అమలేననీ చరిత్రకారిణి లూసీ డావిడోవిచ్ వాదం. ఇదే ఇంటెన్షనలిజం. ముందే గీసిన పథకమేదీ లేదనీ, అధికార యంత్రాంగం ఒకరిని మించి ఒకరు పోటీపడి అక్కడికి చేర్చిందనీ హాన్స్ మోమ్‌సెన్, మార్టిన్ బ్రోషాట్‌ల వాదం. ఇది ఫంక్షనలిజం. 1940లో యూదులను మడగాస్కర్‌కు తరలించాలన్న యోచన నడిచిందిగా, అది వీరికి ఆసరా. 1942 జనవరి 20న బెర్లిన్‌లోని వాన్‌జేలో నాజీ అధికారుల సమావేశంలో నిర్మూలన నిర్ణయమైపోయిందని రాసేవారు తేదీలు చూడాలి. 1941 సెప్టెంబరు 29, 30లలోనే కీవ్ దగ్గర బాబీ యార్‌లో 33,771 మందిని కాల్చేశారు. డిసెంబరు 8 నాటికి పోలండ్‌లోని ఖెల్మ్‌నోలో విషవాయువు వ్యాన్లు నడుస్తున్నాయి. వాన్‌జేలో 15 మంది కూర్చుని చేసింది శాఖల మధ్య సమన్వయం.

ఇప్పుడు 'మారణహోమం' అన్నామంటే యజమాని, సంకల్పం ఉన్నట్టు ముందే తీర్పిచ్చినట్టు. 'నరమేధం' అన్నా మేధమే కాబట్టి అదే దోషం. 'ఊచకోత' ఒక చోట, ఒక దాడికి చాలు. బాబీ యార్‌కు సరిపోతుంది, మొత్తానికి చాలదు. న్యాయవేత్త రాఫెల్ లెమ్కిన్ 1944లో జాతి అనే గ్రీకు 'గెనోస్'కు చంపడమనే లాటిన్ తోక అతికి 'జెనోసైడ్' చేశాడు. రెండు భాషల మాటలు కలిపినది కాబట్టి మన లెక్కన వైరిసమాసమే, అయినా నిలిచింది. దానికి 'జాతిహననం' చక్కగా కుదురుతుంది. హోలోకాస్ట్‌ను పేరుగా అలాగే ఉంచవచ్చు.

మొదటి వాదానికి 'సంకల్పవాదం' అనండి. రెండోదానికి సమాజశాస్త్రపు 'ప్రకార్యవాదం' అతకదు. 'క్రమపరిణామవాదం' కొంత నయం. అంతకన్నా మంచిది మీకు తోస్తే నాకు పేచీ లేదు.