మనవడు ఎక్కడు, ఆయన తియ్యనివ్వరు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. కాకినాడ దగ్గర సొంతిల్లు, వెనక పెద్ద పెరడు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు అబ్బాయి, కోడలు, నాలుగేళ్ల మనవడు బెంగళూరు నుంచి వచ్చి ఏడాదిన్నర మా దగ్గరే ఉన్నారు. వాడి కోసం మావారు వెల్డింగ్ షాపులో చెప్పి ఇనుప ఊయల, జారుడుబల్ల చేయించారు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. పండక్కి వచ్చినా ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, పెరట్లోకి తొంగి చూడడు. అవేమో తుప్పు పట్టాయి. వీధి పిల్లలు గోడ దూకి వచ్చి ఆడుతున్నారు. మొన్న ఒక పాపకి జారుడుబల్ల రేకు తగిలి మోకాలు చీరుకుపోయింది. వాళ్లమ్మ వచ్చి నానా మాటలూ అంది. పాత ఇనుము వాడికి వేసేద్దామంటే మావారు "నేను పోయాక వేసుకో" అన్నారు. రెండు రోజులుగా మాటల్లేవు. ఆ జాగాలో నాలుగు వంగ మొక్కలు, ఒక బీర పాదు పెట్టుకుందామని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పాప సంగతి చూడండమ్మా. వాళ్లమ్మ ఏమందన్నది పక్కన పెట్టి, మీరే ఒకసారి వెళ్లి పలకరించండి. టీకాలన్నీ వేయించారో లేదో అడగండి. తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని మనం అనుకుంటాం గానీ, ఆ క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. చీరుకున్న గాయంలోకి మట్టి చేరితే భయం. ప్రభుత్వ టీకాల్లో ఏడాదిన్నర ప్రాంతంలో ఒక బూస్టర్, 5-6 ఏళ్లకి ఇంకోటి, తర్వాత 10కి, 16కి ఇస్తారు. ఏదైనా తప్పిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లమనండి. మీరు గుమ్మం ఎక్కి అడిగితే ఆవిడ కోపం సగం అక్కడే దిగిపోతుంది.

ఇక మీవారు. "నేను పోయాక" అన్న మాటకి మీకు ఒళ్లు మండి ఉంటుంది. ఎవరికైనా మండుతుంది. కానీ ఆయన ఆ ఇనుము గురించి అనలేదనుకుంటాను. ఊళ్లో అందరూ తలుపులు వేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ రోజుల్లో మీ ఇల్లు మాత్రం నిండుగా ఉంది. వెల్డింగ్ షాపు ముందు నిలబడి, కొలతలు చెప్పి చేయించిన మనిషి ఆయన. కోడలూ మనవడూ వెళ్లిపోయాక ఆ ఏడాదిన్నరకి గుర్తుగా మిగిలింది అదొక్కటే. దాన్ని కిలోల లెక్కన తూకం వేస్తారంటే ఆయనకి ఎలా ఉంటుందో ఊహించండి. ఆయన బ్యాంకుకి వెళ్లినప్పుడు చూసి ఇచ్చేద్దామన్న ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ భర్త ఊళ్లో లేనప్పుడు ఆయన పాత స్కూటరు అమ్మేసింది. వచ్చిన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, దెప్పుళ్లు ఇంకా నడుస్తున్నాయి.

అలాగని మీరు చెప్పేది తప్పని కాదు. మీరు రెండు వస్తువుల్ని ఒక్కటిగా కట్టి మాట్లాడుతున్నారు, ఆయనా అంతే. జారుడుబల్ల తీసేయాల్సిందే. రేకు అంచు లేచిపోయింది, ఇప్పటికే ఒక పిల్లని కోసింది. పైగా మే నెలలో మీ ఎండకి ఆ రేకు పెనంలా కాలుతుంది. ఊయల సంగతి వేరు, దాన్ని బాగుచేయించుకోవచ్చు. సముద్రపు గాలికి ఇనుప పైపు లోపల్నుంచి కూడా తినేస్తుంది కాబట్టి పైన రంగు బాగుందని నమ్మొద్దు. మట్టిలోకి దిగే చోట సుత్తితో కొట్టి చూడమనండి. డొల్ల చప్పుడు వచ్చినా, పెచ్చులు రాలినా ఆ కాలు మార్చాల్సిందే. గొలుసు కొక్కేలు ఒకదానికొకటి రాసుకునే చోట అరిగి సన్నబడతాయి, అవి ఎలాగూ కొత్తవి వేయించాలి. కింద గట్టి నేల ఉంటే ఒక అడుగు లోతున ఇసుక పోయించండి. ఆటల్లో పిల్లలకి తగిలే దెబ్బల్లో పడిపోయి తగిలేవే ఎక్కువ. ముందూ వెనకా ఊయల వేలాడే అడ్డపైపు ఎత్తుకి రెట్టింపు జాగా ఖాళీగా ఉండాలి, అక్కడ కుండీలు కూడా పెట్టొద్దు.

గోడ దూకే పిల్లల్ని కేకలేసి ఆపలేరు. ఊయల బల్లని కొక్కేల నుంచి తీసి లోపల పెట్టేయండి. సాయంత్రం ఒక గంట గేటు తీసి, మీ ఇద్దరిలో ఒకరు అక్కడ కూర్చోగలిగితే అప్పుడు తగిలించండి. కూర్చోలేకపోతే తగిలించొద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ చివరి మాట, వంగ మొక్కలు, బీర పాదు. ఎప్పట్నుంచో ఉందన్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసా? మీరు ఆయన దగ్గర తుప్పు గురించే మాట్లాడుతున్నారని నా అనుమానం. తుప్పు అంటే ఆయన రంగు డబ్బా తెస్తానంటారు, వాదన మళ్లీ మొదటికి వస్తుంది. "ఏవండీ, ఆ మూల నాకు కావాలి, కూరగాయలు వేసుకుంటాను" అని సూటిగా అడగండి. ఆయనకి పెరట్లో ఒక జ్ఞాపకం కావాలి, మీకు ఒక మడి కావాలి. పెరడు పెద్దదేనన్నారు కదా, రెండూ పడతాయి. జారుడుబల్ల పైపుల్లో గట్టిగా ఉన్నవి కోయించి బీర పాదుకి పందిరి రాటలుగా పాతుకోవచ్చు. పాత ఇనుము వాడి దాకా వెళ్లే పనే ఉండదు. ఆ కోత పని ఆయనకే అప్పజెప్పండి, అదే వెల్డింగ్ షాపుకి ఆయనే వెళ్తారు.

మనవడి గురించి కూడా ఒక మాట. వాడు ఊయల వైపు చూడడం లేదంటే మీ మీద ప్రేమ లేదని మీరిద్దరూ లోలోపల అనుకుంటున్నట్టున్నారు. నాలుగేళ్ల వాడికి అందేలా వేలాడదీసిన బల్ల మీద తొమ్మిదేళ్ల వాడు కూర్చుంటే కాళ్లు నేలకి ఈడ్చుకుంటాయి, ఊగడమెలా? ఎత్తు పెంచాక వాడు ఎక్కాడా సరే, ఎక్కకపోయినా సరే. "తాతయ్య నీకోసమే ఉంచారు" అని మాత్రం వాడితో అనకండి. పిల్లలకి అలాంటి బరువులు అర్థం కావు, అక్కడికి రావడమే మానేస్తారు.

కొక్కేలు మార్పించేటప్పుడు పెద్దవాళ్ల బరువుకి సరిపడేవే వేయమనండి. మీ వైపు అట్లతద్దికి ఊయల ఊగని ఆడవాళ్లు తక్కువ, మీరూ చిన్నప్పుడు ఊగే ఉంటారు.

మాటల్లేవన్నారు కాబట్టి ఇదంతా ఎలా మొదలుపెట్టాలన్నది మిగిలింది. పాప ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన్నీ రమ్మనండి. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మడి సంగతి ఎత్తండి.