ఇంట్లో బిగించుకున్న స్ప్రాకెట్ విరిగితే దుకాణానికి బాధ్యత ఉండదా?

ప్రశ్న: మాది తాడిపత్రి. అనంతపురంలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో బైక్ వెనక స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) కొని, ఇంట్లో నేనే మార్చుకున్నాను. పాత చైనే ఉంచాను. మూడు నెలలకు స్ప్రాకెట్ పళ్లు విరిగి, చైన్ చక్రానికి చుట్టుకుంది. కిందపడి మణికట్టు విరిగితే ప్లేటు వేశారు. ఆపరేషన్ కోసం నా భార్య నగలు కుదువ పెట్టాం, కూతురి పెళ్లి వాయిదా పడింది. ‘ఇంట్లో బిగించుకుంటే మాకు సంబంధం లేదు’ అంటున్నాడు దుకాణదారు. ప్రమాదం జరిగి ఏడాది ఏడు నెలలైంది. బిల్లు లేదు, డబ్బు ఫోన్‌లో పంపాను. చైన్ పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాను. మా బామ్మర్దికి మెకానిక్ షెడ్డు ఉంది. అతనే బిగించినట్టు పాత తేదీతో రసీదు రాయించుకుంటే కేసు నిలబడుతుందా? మీరే న్యాయం చేయాలి.

జవాబు: విరిగిన స్ప్రాకెట్ మీ దగ్గర భద్రంగా ఉందా? ఫొటో పంపారు కాబట్టి ఉందనే అనుకుని చెబుతున్నాను. మీ కేసు గెలిచినా ఓడినా దాని మీదే.

సొంత బండికి సామాను సొంతంగా బిగించుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, ప్రమాద సమయానికి వస్తువును తప్పుగా వాడి ఉన్నా, దాంట్లో మార్పులు చేసి ఉన్నా అమ్మినవారి మీద ఉత్పత్తి బాధ్యత కేసు (లోపమున్న సరుకు వల్ల జరిగిన నష్టానికి వేసే కేసు) నడవదు. అవతలి లాయరు మీ బిగింపును ఈ సెక్షన్ కిందికి లాగాలని చూస్తాడు. నట్లు వదులై ఊడిందంటాడు. మీ ఫొటోలో నాలుగు నట్లూ హబ్ మీదే ఉన్నాయి, వాటి కింద రేకు వాషర్ల చెవులు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. పళ్లు మాత్రం వరసగా ఐదు మొదలంటా తెగాయి. అరిగిన పళ్లయితే ఒక పక్కకు వాలి కొక్కేల్లా కనిపిస్తాయి, ఇవి అలా లేవు. ఇంతవరకు మీకు అనుకూలం.

ఇక్కడే మీరు చేసిన నష్టం చెప్పాలి. చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ సెట్టుగా మార్చాలని ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. మీరు ఒక్కటే మార్చారు. సాగిన చైన్ కొత్త పళ్లను పాడు చేసిందని వాళ్లు వాదిస్తే, జవాబు చెప్పాల్సింది ఆ చైనే. దాన్ని తూకానికి అమ్మేశారు! కేసు వేయాలనుకునే మనిషి చేయాల్సిన పనేనా ఇది?

కాబట్టి లేబొరేటరీ పరీక్ష తప్పదు. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే వస్తువును సీలు వేసి పంపించే అధికారం అదే చట్టం 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఆ ఫీజు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. స్ప్రాకెట్‌ను కడగకండి, ఆకురాయి పెట్టకండి. ఉన్నదున్నట్టు కాగితంలో చుట్టి, కవరు అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. ముందు స్ప్రాకెట్ ఇంకా బండికే ఉంటే దాన్నీ తీయించి దాచండి.

‘ఆ ముక్క తెచ్చియన్నా, కొత్తది ఇస్తా’ అని దుకాణదారు వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్ వినిపించారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. ఆ సరుకు తానే అమ్మానని అతను ఒప్పుకున్న మాట అది. డబ్బు అతని కొడుకు నంబరుకు వెళ్లినా, బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ మెసేజ్ కలిస్తే బిల్లు లేని లోటు చాలావరకు తీరుతుంది. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద, ఫోన్‌లోని రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్‌తో ఆ మెసేజ్ దాఖలు చేయాలి.

బామ్మర్ది రసీదు మాట ఇంకెవరి దగ్గరా ఎత్తకండి. కమిషన్ విచారణ న్యాయవిచారణతో సమానం. అందులో దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు, మీతోపాటు అతనికీ. పైగా మీరే బిగించారని దుకాణదారుకు ముందే చెప్పారు కదా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క అబద్ధం బయటపడితే మీ నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

గడువు విషయంలో నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. సివిల్ దావాల్లా మూడేళ్లు ఉంటుందనుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఇక్కడ రెండేళ్లే. ప్రమాదం తేదీ నుంచి లెక్క అని మనం వాదిస్తాం, కొన్న తేదీ నుంచి అని వాళ్లంటారు. ఆ వాదనకు చోటివ్వకుండా కొన్న తేదీ నుంచే లెక్కేస్తే మీకు మిగిలింది రెండు నెలలే. ‘చూద్దాంలే’ అంటూ దుకాణదారు తిప్పిన కాలం గడువుకు కలవదు, నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో, పదిహేను రోజుల నోటీసు పంపండి. తయారీదారు పేరు, చిరునామా అందులో అడగండి. తయారీదారు ఎవరో తెలియకపోతే 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడవుతాడు. చాలా దుకాణదారులు ఇక్కడే దొరుకుతారు. కేసు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, నగల మీద కట్టిన వడ్డీ రసీదులు జతచేయండి. పెళ్లి వాయిదా సంగతి ఫిర్యాదులో రాయొద్దు, దానికి రుజువు చూపలేరు. నోటీసుకు జవాబు రాకపోతే పదహారో రోజునే ఫిర్యాదు దాఖలు చేయండి.