ఆవు మూత్రంలో చీము, నెత్తురు: ఇంజెక్షన్లు ఆపగానే ఎందుకు తిరగబెడుతోంది?

ప్రశ్న: మా జెర్సీ సంకర ఆవు మూడో ఈత ఈని నెలన్నర అయింది. మాయ పడకపోతే చేతితో తీయించాం. పదిహేను రోజులుగా నడుము వంచి, తోక ఎత్తి కొద్దికొద్దిగా మూత్రం పోస్తోంది. చివర్లో నెత్తురు, చీము పడుతున్నాయి. పూటకు ఏడు లీటర్ల పాలు మూడుకు దిగాయి. మూడు రోజులు ఇంజెక్షన్లు వేయిస్తే తగ్గి, వారానికే తిరగబెట్టింది. పిడుదుల జ్వరమని కొందరంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: పిడుదుల జ్వరంలో మూత్రం మొత్తం ఒకే తీరున ముదురు ఎరుపులో వస్తుంది, చీము ఉండదు. ఈనాక భాస్వరం లోపించినా అంతే. మూత్రాన్ని గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నెత్తురు గడ్డలు, తెల్లటి చీము పోగులు అడుగుకు చేరి పైన తేటపడితే జబ్బు మూత్రాశయంలోనో, కిడ్నీలోనో ఉన్నట్టు. పాలు ఇంతగా తగ్గడం చూస్తే నా అనుమానం కిడ్నీ మీదే.

ఆడ పశువుకు మూత్రాశయం నుంచి మూత్రం బయటికి వచ్చే దారి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఈనినప్పుడు, మాయ లాగినప్పుడు చేరిన సూక్ష్మజీవులు మూత్రాశయం నుంచి పైకి పాకి కిడ్నీలో చీము పట్టిస్తాయి. వీటిలో కొరినీబాక్టీరియం రెనాలే, ఈ-కొలై ముఖ్యమైనవి.

మీ డాక్టరుగారు పేడదారిలో చేయి పెట్టి ఎడమ కిడ్నీని తడిమి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ సీతాఫలం తొక్కలా బుడిపెలు బుడిపెలుగా తగులుతుంది. చీము పట్టినది ఉబ్బి, బుడిపెలు కలిసిపోయి, నొక్కితే ఆవు మూలుగుతుంది. కుడి కిడ్నీ చేతికి సరిగా అందదు కాబట్టి స్కానింగ్ అవసరం. కిడ్నీ ఎంత పనిచేస్తోందో తెలియడానికి రక్తంలో యూరియా, క్రియాటినిన్ కూడా చూడాలి.

మూడు రోజుల వైద్యమే తిరగబెట్టడానికి కారణం. మూత్రం తేటపడితే రోగం పోయినట్టు కాదు. రెనాలే అయితే పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది: కిలో బరువుకు 22,000 యూనిట్ల చొప్పున, అంటే 400 కిలోల ఆవుకు 88 లక్షల యూనిట్లు, రోజుకు రెండుసార్లు, కనీసం మూడు వారాలు. ఈ-కొలై అయితే పెన్సిలిన్ మీద ఆశ పెట్టుకోవద్దు. మూత్రం కల్చర్ (అందులోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించి, ఆ సూక్ష్మజీవి లొంగే మందు ఎంచుకోవాలి. జెంటామైసిన్ లాంటివి కిడ్నీకే చేటు, నొప్పి మందులు రోజూ పొడిపించడమూ అంతే. మందులు నడిచినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పిన గడువు వరకూ పాలు కేంద్రానికి పోయవద్దు. నష్టమే, కానీ తప్పదు.

కిడ్నీ మొత్తం చీము తిత్తిగా మారితే ఏ మందూ లోపలికి సరిగా చేరదు. రెండోది బాగుంటే చెడినదాన్ని ఆపరేషన్‌తో తీసేయవచ్చు. ఒక్క కిడ్నీతో ఆవు బతుకుతుంది, పాలూ ఇస్తుంది. రెండూ చెడితే ఖర్చు పెట్టవద్దనే చెబుతాను. ఈ నిర్ణయానికి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురావడం మేలు.

ఈలోగా నీళ్లు ఎప్పుడూ ముందుండాలి. మూత్రం చింది పక్క పశువులకూ అంటవచ్చు కాబట్టి దీన్ని వేరుగా కట్టండి, తడిసిన పరుపు గడ్డి రోజూ తీసేయండి. వచ్చే ఈతలో మాయ పడకపోతే చేతితో లాగించవద్దు. జ్వరం చూసి డాక్టరును పిలవండి.