కొండలెక్కితే నిజంగా లీడర్‌షిప్ వస్తుందా? తిరుపతి నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: కొత్తగా టీమ్ లీడ్ అయ్యారు, ఆఫీసువాళ్ళు పర్వతారోహణ క్యాంపుకి పంపిస్తామంటున్నారు, అందులో నేర్చుకునేది ఏమైనా ఉంటుందా లేక ఫొటోల కోసమేనా, ఉంటే ముందు తిరుపతి చుట్టుపక్కల ఎక్కడైనా ఒకరోజు ప్రయత్నించొచ్చా అని.

ఫొటోల భాగమే ఎక్కువ. కానీ నేర్చుకునేది ఒకటుంది, దాని గురించే రాస్తున్నా. నేను హిమాలయాలకు పోయినవాణ్ణి కాదు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ చూసుకుంటా, సెలవు దొరికితే మా శేషాచలం కొండల్లో అనుమతి ఉన్న దారుల్లో నలుగురితో కలిసి తిరుగుతుంటా. ఇక్కడ ఎత్తుతో ఇబ్బంది లేదు. తిరుమలే సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్లు, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పీ వాంతులూ మామూలుగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. మన దగ్గర బాధపెట్టేవి ఎండ, పాచి పట్టిన బండలు, వానాకాలంలో ఒక్కసారిగా పొంగే వాగులు.

తిరుమల అడవిలో ఉండే తుంబురు తీర్థం సంగతి చెప్తాను. ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ ముక్కోటి, అంటే జనం పోయి తీర్థంలో స్నానం చేసే పండగ, జరుగుతుంది, ఆ టైంలో పాపవినాశనం వైపు నుంచి జనాన్ని పంపుతారు. మా ఫ్యాక్టరీ నుంచి ఒక గుంపు బయల్దేరింది, అందులో మేనేజర్ గారు కూడా ఉన్నారు. దారి తెలిసినవాడు మాత్రం మెయింటెనెన్స్‌లో పనిచేసే కుర్రాడు, కొండ కింద పల్లెవాడు, అందరికంటే చిన్నవాడు. వాడు మొదట చేసిన పని, బాగా నడవగలిగిన ఇద్దరిని చివర్లో పెట్టి, బాగా లావుగా ఉండే మా స్టోర్స్ ఆయన్ని తన వెనకాలే నడిపించడం. దాంతో గుంపు మొత్తం ఆయన నడకే నడిచింది, ఎవరూ తప్పిపోలేదు. ఇంకో పని, ఆగిన ప్రతిచోటా "బాటిల్ ఊపి చూపించండి" అనేవాడు. నీళ్ళున్నాయా అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు కదా, చప్పుడు వింటే తెలిసిపోతుంది.

పాపవినాశనం దగ్గరే మాట అనుకున్నాం, పన్నెండు కొడితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని. పన్నెండు అయ్యేసరికి వాగులో బండల మీద ఉన్నాం, స్టోర్స్ ఆయనకి పిక్కలు పట్టేశాయి, కూర్చుని ఉప్పు కలిపిన మజ్జిగ తాగుతున్నాడు. ఎదురొచ్చేవాళ్ళేమో "ఇంకో పది నిమిషాలే సామీ" అంటున్నారు (అలిపిరి మెట్ల మీద కూడా అందరూ ఇదే అంటారు, ఆ పది నిమిషాలు ఎప్పటికీ అయిపోవు). మేనేజర్ గారు "పోదాం పద, నేను చూసుకుంటా" అన్నారు. కుర్రాడు గట్టిగా ఏమీ అనలేదు. "సార్, పొద్దున మీరే ఒప్పుకున్నారు కదా" అని తిరుగుదారి పట్టాడు, ఒక్కొక్కరుగా అందరం వాడి వెనక నడిచాం, చివరికి ఆయన కూడా.

ఏమీ జరగలేదు. వెలుగుండగానే కొండ దిగేశాం, వాన పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు ముందుకు పోయినవాళ్ళు కూడా హాయిగా స్నానం చేసి వచ్చారు. ఇప్పటికీ మా క్యాంటీన్‌లో మమ్మల్ని 'తుంబురు దాకా పోయి తుంబురు చూడని బ్యాచ్' అంటారు.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. సరైన టైంలో వెనక్కి తిప్పినవాడి దగ్గర తాను చేసింది సరైనదే అనడానికి సాక్ష్యం ఏమీ మిగలదు. అనవసరంగా భయపడ్డాడు అనే అంటారు, ఆ మాట పడుతూనే మళ్ళీ వచ్చేసారి కూడా అదే పని చేయగలగాలి. ఫ్యాక్టరీలోనూ అంతే, మిషన్ చప్పుడు తేడాగా ఉందని లైన్ ఆపితే, విప్పి చూశాక ఏమీ లేకపోతే, ప్రొడక్షన్ ఎందుకు పోగొట్టావని అడుగుతారు. ఆపకుండా అది విరిగితే అప్పుడు అడిగే ప్రశ్న వేరు. మీరు టీమ్ లీడ్ అయ్యాక మీకొచ్చే అసలు టెన్షన్ ఇదే, స్టేజీ మీద మాట్లాడటం గట్రా కాదు.

ఎవరెస్ట్ మీద దీనికి పెద్ద ఉదాహరణ 1996 మే 10. రాబ్ హాల్ న్యూజిలాండ్‌వాడు, అప్పటికే ఆ కొండని బాగా ఎరిగిన గైడు. ముందటి ఏడాది 1995లో డగ్ హాన్సెన్ అనే క్లయింట్‌ని శిఖరానికి కొంచెం కింద నుంచి ఆయనే తిప్పి తీసుకొచ్చాడు. మళ్ళీ రమ్మని పిలిచిందీ ఆయనే. 1996లో హాన్సెన్ శిఖరం చేరేసరికి వెనక్కి తిరగాల్సిన టైం, మధ్యాహ్నం రెండు, దాటి చాలాసేపయింది, ఇంతలో తుఫాను వచ్చింది, ఇద్దరూ దిగిరాలేదు. ఆ తుఫానులో మొత్తం ఎనిమిది మంది పోయారు. హాల్ మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు గానీ, ఒకసారి తిప్పి పంపినవాణ్ణి రెండోసారి తిప్పడం ఎంత కష్టమో మా క్యాంటీన్ మాటలు విన్నాక కొంచెం అర్థమైంది.

దీనికి ఎదురు కథ 1953. మే 26న ఎవాన్స్, బూర్డిలాన్ అనే ఇద్దరు ఎవరెస్ట్ మీద సౌత్ సమ్మిట్ దాకా, అంటే అసలు శిఖరానికి కాస్త కింద ఉండే చిన్న శిఖరం దాకా పోయారు, శిఖరం కళ్ళ ముందే, నిలువునా సుమారు వంద మీటర్లే. ఆక్సిజన్ సెట్ ఇబ్బంది పెడుతోంది, టైం అయిపోయింది, తిరిగొచ్చేశారు. మూడు రోజులకి టెన్జింగ్, హిల్లరీ ఎక్కారు. ఆ బృందం నాయకుడు జాన్ హంట్ శిఖరం మీద కాలు పెట్టలేదు, దా నంగ్యాల్ అనే షెర్పాతో కలిసి పై క్యాంపు కోసం సామాన్లు మోశాడు. 1965లో మనవాళ్ళ ఎవరెస్ట్ యాత్ర కూడా అలాంటిదే, తొమ్మిది మంది ఎక్కారు, లీడర్ ఎం.ఎస్. కోహ్లీ పైకి పోలేదు. శిఖరం మీద ఫొటో కావాలనే ఆశ లేనివాడైతే తిరగండి అనే మాట నోటికి సులభంగా వస్తుంది, అంతే.

2014లో పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది కదా, మా కుర్రాళ్ళు ఎక్కలేరా అని కొందరు నిర్వాహకులు ఊదరగొడుతుంటారు. ఆ పిల్ల భువనగిరి బండల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ అయ్యాకే అక్కడికి పోయింది, ఆ సంగతి మాత్రం చెప్పరు. కాబట్టి మీ ఆఫీసువాళ్ళు క్యాంపు ఖాయం చేసే ముందు నిర్వాహకుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: వెనక్కి తిరగాలని చెప్పే అధికారం ఎవరిది, అందరికంటే వెనక నడిచేది ఎవరు? పేర్లు చెప్పలేకపోతే ఆ సెలవు ఇంకోదానికి వాడుకోండి.

ఇక తిరుపతి సంగతి. శేషాచలంలో ఎక్కడపడితే అక్కడ దూరకండి, ఎర్రచందనం అడవి, అనుమతి లేకుండా కనబడితే ట్రెక్కింగ్ అని చెప్పినా వినరు. చిరుతలు కూడా నిజం, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలోనే ఒక చిన్నపాప ప్రాణం పోయింది. మొదటిసారికి తలకోన చాలు, నెరబైలు మీదుగా పోవాలి, 270 అడుగుల జలపాతం, అటవీశాఖ తెరిచి ఉంచిన దారులున్నాయి. నవంబర్, డిసెంబర్‌లో నీళ్ళు బాగుంటాయి గానీ అల్పపీడనం అని వార్తల్లో వస్తే ఆ వారం మానుకోండి, 2021 నవంబర్ వానలకి శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయింది. బయల్దేరే ముందు రోజు అటవీశాఖవాళ్ళకి ఫోన్ చేసి దారి తెరిచే ఉందా అని కనుక్కోండి, టీమ్‌లో ఎవరికైనా బీపీ, మోకాళ్ళ నొప్పి ఉంటే బస్సెక్కకముందే అడిగి తెలుసుకోండి.